పూడ్చకుండా వదిలిన గండి

మా వృత్తిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది సున్నం గురించి. పాతకాలం సున్నంలో ఏం కలిపేవాళ్లండీ, బెల్లమా, కరక్కాయా, కోడిగుడ్డు సొనా అని. పూర్వీకుల రహస్యమేదో నా దగ్గర ఉందనీ, రిటైరయ్యాను కనుక ఇక చెప్పేస్తాననీ వాళ్ల ఆశ. రహస్యమేమీ లేదు. మంచి సున్నం, మంచి ఇసుక, తొందరపడకుండా రుబ్బే ఓపిక. బెల్లం కొన్నిచోట్ల కలిపారు, కొన్నిచోట్ల కలపలేదు. రెండు రకాల గోడలూ నిలిచాయి, రెండు రకాల గోడలూ కూలాయి. నమ్మకపోతే ముక్క తీసి పరీక్షించుకోండి. నమ్మినా పరీక్షించుకోండి.

పాత వీధుల్ని, ఇళ్లని, కాలువగట్లని, రేవుల్ని బాగుచేసి నిలబెట్టడం మా ఉద్యోగం. బెజవాడ నుంచి బందరు దాకా ఈ డెల్టాలో నేను తిరగని గట్టు లేదు. ఇన్నేళ్లలో నాకు అర్థమైనది ఒక్కటే. రాయీ సున్నమూ సులువు. కష్టమైన పని మనుషులతో వాదించడం, అదీ ఓడిపోవడానికి సిద్ధపడి వాదించడం.

మొదటే చెప్పేస్తున్నాను, పాతదైనంత మాత్రాన నేను దేనికీ దణ్ణం పెట్టను. సతీసహగమనమూ పాతదే. దేన్ని నిలబెట్టాలో, ఎందుకు నిలబెట్టాలో నలుగురిలో నిలబడి చెప్పలేకపోతే, ఆ కట్టడం మీద చెయ్యి వేసే హక్కు మనకు లేదు.

గవర్నర్‌పేటలో నేర్చిన నియమం

మా నాన్న లెక్కల మాస్టారు, హేతువాది. ఆదివారాలు నన్ను గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేల్ మందుల కొట్టు పైనున్న హాలుకి తీసుకెళ్లేవాడు. అక్కడ చర్చలు జరిగేవి. దేవుడున్నాడా, కులం పోవాలంటే ఏం చెయ్యాలి, పునర్జన్మకు రుజువేమిటి. కింద ఆటోల మోత, పైన గొంతుల మోత. అక్కడ ఒకటే నియమం. ఎదుటివాడి మాటను ఖండించే ముందు, ఆ మాటను నువ్వే చెప్పాలి. అతను "అవును, నేనన్నది ఇదే" అని ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే మళ్లీ చెప్పాలి. అప్పటిదాకా ఖండన లేదు.

లంగా ఓణీ వేసుకునే వయసులో నాకిది అన్యాయంగా తోచింది. తప్పని తెలిసిన మాటను నా నోటితో అంత చక్కగా ఎందుకు చెప్పాలి? ఉద్యోగంలో చేరాక తెలిసింది. ఎదుటివాడి మాటను అతను ఒప్పుకునేలా చెప్పేసరికి సగం కోపం పోతుంది. నా కోపమూ, అతని కోపమూ.

ఈ నియమాన్ని మొదటిసారి పనిలో వాడింది కూడా గవర్నర్‌పేటలోనే. ఒక పాత లాడ్జి యజమాని బర్మా టేకు మెట్లు పీకించబోతున్నాడు. ఈశాన్యంలో బరువుందని సిద్ధాంతి గారు చెప్పారట. నేను వెళ్లి, సిద్ధాంతి గారి ఎదుటే, ఈశాన్యం ఎందుకు తేలిగ్గా ఉండాలంటారో, మెట్లు ఉంటే ఏమవుతుందంటారో పూసగుచ్చినట్టు చెప్పాను.

"మేడమ్ గారూ, అయ్యగారి కంటే మీరే బాగా చెప్తున్నారండీ!" అన్నాడు యజమాని.

"మీరు చెప్పింది ఇదేనాండీ?" అని సిద్ధాంతి గారిని అడిగాను.

"ముమ్మాటికీ ఇదేనమ్మా."

యజమాని వైపు తిరిగాను. "మరి మీ నాన్నగారి రోజుల్లో ఈ లాడ్జిలో గది దొరకాలంటే ముందే చెప్పి ఉంచుకోవాల్సి వచ్చేదని ఊరంతా అంటారు. అప్పుడూ మెట్లు ఇక్కడే ఉన్నాయి కదా. మరి ఆ గిరాకీ ఏ మూల నుంచి వచ్చిందండీ?"

యజమాని ముందు నవ్వాడు, తర్వాత ఆలోచించాడు. సిద్ధాంతి గారు మంచినీళ్లు అడిగారు. మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. వీలైతే ఎక్కి చూడండి, కిర్రుమంటాయి గానీ కదలవు.

విభూతి పెట్టుకునే పెద్దాయన

నేను ఎవరి కింద పనిచేశానో ఆ పెద్దల్లో చాలామంది పేర్లు చెప్పుకోదగ్గవి కావు. ప్రజల భాగస్వామ్యం అంటే వాళ్ల దృష్టిలో షామియానా, బిస్కెట్లు, ఒక ఫొటో. నిర్ణయం అంతకుముందే అయిపోయి ఉంటుంది. ఊళ్లోవాళ్లు వచ్చి తల ఊపి వెళ్లాలి.

వెంకటరత్నం గారు అలాంటి మనిషి కాదు. జీవితమంతా కాలువల మీద ఇంజనీరుగా పనిచేసి, మా ప్రాజెక్టుకు అధిపతిగా వచ్చారు. నుదుట విభూతి లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. రోజూ పొద్దున్నే నన్ను చూడగానే ఒకటే ప్రశ్న.

"ఏమ్మా, ఇవాళైనా దేవుడున్నాడా?"

"నిన్నటిలాగే సార్."

"సరే, పని చూద్దాం పద."

మా స్నేహమంతా ఆ రెండు ముక్కల్లో ఉంది. ఆయన దేవుణ్ణి నమ్మినంత గట్టిగా కొలతల్నీ నమ్మేవారు. కొలత తప్పని తేలితే తన మాటను అక్కడికక్కడే వెనక్కి తీసుకునేవారు. ఆస్తికుల్లోనూ నాస్తికుల్లోనూ ఈ గుణం నేను అరుదుగా చూశాను. ఇక్కడ చెప్పబోయే కథలో తప్పు ఆయన దగ్గరే మొదలవుతుంది. ఆయన మీద నా గౌరవం పెరిగింది కూడా అక్కడే.

అడుగున గండి

బందరు కాలువ మీద ఒక ఊరు. పేరు చెప్పను. చెబితే ఆ ఒక్క ఊరే చెడ్డదనుకుంటారు. అక్కడ కాలువ నీటిని ఆపి వదిలే లాకులున్నాయి, లాకుల దిగువన రాతి మెట్లతో పెద్ద రేవు ఉంది. మెట్ల మధ్య నుంచి మనిషెత్తు గోడ ఒకటి గట్టు మీద మొదలై కాలువ అడుగు దాకా దిగుతుంది. లాకుల వైపున్నది పై రేవు, ఊరి రైతు కుటుంబాలది. గోడకు అవతల కింది రేవు, పేటలో ఉండే దళిత క్రైస్తవ కుటుంబాలది. పైవాళ్లు వాడి వదిలిన నీళ్లు కిందివాళ్లకు వచ్చేలా ఎవరో బాగా ఆలోచించి కట్టారు. ఇప్పుడు ఆ రేవులో ఎవరూ స్నానాలు చెయ్యరు. రెండు వైపులా కుళాయిలున్నాయి. కానీ గోడ ఉంది.

మా ప్రాజెక్టు ఆ రేవును బాగుచెయ్యాలి. అలాంటి పనికి అదను వేసవే. మరమ్మతుల కోసం కాలువకు నీళ్లు ఆపేస్తారు, మావైపు దాన్ని కాలువ కట్టేయడం అంటారు. మళ్లీ నీళ్లు వదిలేలోపు అడుగున చెయ్యాల్సిందంతా చేసెయ్యాలి.

ఆ ఏడు కాలువ కట్టగానే వెంకటరత్నం గారూ నేనూ అడుగుకి దిగాం. గోడ అడుగున, అంటే నీళ్లు పారేటప్పుడు మునిగి ఉండే చోట, మనిషి వంగి దూరేంత కంత కనిపించింది.

"గండి!" అన్నారాయన. "నీటి కోత. ముందు దీన్ని పూడ్పించాలి. పైన ఎంత చేసినా అడుగున గండి పెట్టుకుని గోడ నిలవదు."

డెల్టాలో పుట్టినవాడికి గండి అన్నాక ఇక ఆలోచన ఉండదు. గట్టు తెగితే చేలు మునుగుతాయి. కనపడగానే పూడ్చు, కారణాలు తర్వాత వెతుకు. చిన్నప్పటి నుంచి మాకందరికీ ఒంటబట్టిన చదువు అదే. అందుకే ఆ మాటను ఎవరూ ప్రశ్నించలేదు. మేస్త్రీలకు కబురు వెళ్లింది. రాయి వచ్చింది, సున్నం నానుతోంది.

ఎస్తేరు టీచరు

సున్నం నానుతున్న చోటికి ఒకావిడ గొడుగు వేసుకుని వచ్చారు. ఆ ఊరి హైస్కూల్లో సైన్సు చెప్పి, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన ఎస్తేరు గారు. పేటలోనే పుట్టి పెరిగారు. ఇరువైపులా మూడు తరాలు ఆవిడ చేతి బెత్తం తిన్నవాళ్లే.

"ఏం చేస్తన్నారండీ ఇక్కడ?"

"గండి పూడ్పిస్తున్నామమ్మా. నీటికి కోసుకుపోయింది" అన్నారు వెంకటరత్నం గారు.

"నీళ్లు కొయ్యలేదండి. మా అమ్మ పగలగొట్టింది."

ఆవిడ గొడుగు మడిచి మెట్టు మీద కూర్చుని చెప్పారు. కుళాయిలు లేని రోజుల్లో కాలువ కట్టేస్తే, తాగడానికి లాకుల కింద మడుగులో మిగిలిన నీళ్లే దిక్కు. ఆ మడుగు పై రేవు వైపుంది. కింది వైపు బురద. గోడ చివర చుట్టూ తిరిగి వెళ్దామంటే నడుం దాకా దిగబడతారు. ఒక ఎండాకాలం పేటలో పసిపిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. మగవాళ్లు పూడికతీత పనికి ఎగువకు వెళ్లి ఉన్నారు. సువార్తమ్మ, అంటే టీచరు గారి తల్లి, ఇంకొందరు ఆడవాళ్లు ఇళ్లలో మిగిలిన గడ్డపారలు తెచ్చి గోడ అడుగు పగలగొట్టారు.

"ఊరుకున్నారా వాళ్లు?" అన్నాను.

"ఎందుకూరుకుంటారండీ? మా నాన్నని చాన్నాళ్లు పొలానికి పిలవలేదు. గండి పూడ్చాలని పంచాయితీ పెట్టారు. ఈలోపు కాలవొచ్చేసింది. నీళ్లలో మునిగిన గోడ ఎవరు కడతారు? మళ్లీ ఏడు కాలవ కట్టేసరికి అందరికీ అలవాటైపోయింది." రాయి మోస్తున్న మేస్త్రీల వైపు చూశారు. "పై రేవోళ్ల తాతలు చెయ్యలేకపోయిన పనిని ఇప్పుడు మీ ప్రాజెక్టు చేసిపెడతందా?"

నా హేతువాదానికి అది పరీక్ష. కథ నన్ను కదిలించింది. కదిలించినంత మాత్రాన నిజమైపోదు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు గానీ చెప్పాను. "టీచరు గారూ, మీ మాట నేను నమ్ముతాను. కానీ రేపు ఎవరైనా కాదంటే చూపించడానికి ఏదైనా ఉందా?"

ఆవిడ ముఖం చిట్లిస్తారనుకున్నాను. వికసించింది.

"హమ్మయ్య, అడిగారు! నేనూ సైన్సు టీచర్నేనమ్మా. రండి."

గండికి కింది రేవు వైపు బురద గీకించారు. లోపల నుంచి ఒక మెట్టు బయటపడింది. గోడలో వాడిన రాళ్లే. ఒక్కో రాతికి పాత సున్నం ఇంకా అంటుకునే ఉంది. ఒకదాని పక్కన ఒకటి, బిందెతో దిగేవాళ్ల కాలు జారకుండా పేర్చి ఉన్నాయి.

వెంకటరత్నం గారు మోకాళ్ల మీద కూర్చున్నారు. గండి అంచుల్ని చేత్తో తడిమారు. గడ్డపార దిగిన గాట్లు వేలికి తగులుతున్నాయి. తర్వాత లేచి, మేస్త్రీలందరికీ వినపడేలా అన్నారు.

"నీళ్లు రాళ్లని దొర్లిస్తాయి గానీ పేర్చవు. నేను తప్పు చూశాను. పని ఆపండి."

ఒక ప్రాజెక్టు పెద్ద, తన కింద పనిచేసేవాళ్ల ముందు, ఇంత తక్కువ మాటల్లో తప్పు ఒప్పుకోవడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

కాలువ అడుగున సభ

పని ఆగిన సంగతి ఊరంతా తెలిసింది. మర్నాడు పూర్ణయ్య గారు వచ్చారు. నీటి సంఘానికి చాలాకాలం అధ్యక్షుడిగా ఉన్న పెద్ద రైతు, ఆరడుగుల మనిషి. ఆ గోడ కట్టించింది ఆయన తాత.

"మేడమ్ గారూ, గండి పూడ్చొద్దు, ఏం చెయ్యొద్దు. మొత్తం గోడే పీకించెయ్యండి. ఖర్చు నేను పెట్టుకుంటా. ఊరికి మచ్చండీ అది."

చెప్పొద్దూ, నా మనసు ఆయన వైపే మొగ్గింది. కులం గోడ కూలుతుందంటే కాదనే హేతువాది ఎవరు? కానీ టీచరు గారు ఒప్పుకోలేదు. గోడ ఉండాలి, గండితో సహా ఉండాలి అన్నారు. నీళ్లు వదలడానికి ఇక ఎన్నో రోజులు లేవు. అడుగున ఏ పనీ చెయ్యకుండా వదిలేస్తే, గండి పైనున్న వదులు రాళ్లు ఈసారి ప్రవాహానికి కూలిపోవడం ఖాయం. పీకడమో, నిలబెట్టడమో ఇప్పుడే తేలాలి. టీచరు గారి తల్లి చేతిపని ఈ భూమ్మీద మిగిలింది అదొక్కటే.

సాయంత్రం రేవులో సభ పెట్టాం. జనం వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. చూస్తే పైవాళ్లు గోడకు ఆ పక్కన, పేటవాళ్లు ఈ పక్కన. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. ఒకరికొకరు కనపడరు. వెంకటరత్నం గారు నా వైపు చూసి, "ఇంత గోడ ఇంకా మిగిలుందన్నమాట" అన్నారు మెల్లగా. అందర్నీ ఎండిన కాలువ అడుగుకి దింపి, గోడ చివర ఒకేచోట కూర్చోబెట్టాం. అక్కడ నా గవర్నర్‌పేట నియమం చెప్పాను. పూర్ణయ్య గారు ముందు టీచరు గారి మాట చెప్పాలి. ఆవిడ ఒప్పుకున్నాకే తన మాట చెప్పాలి.

"ఇదేం పరీక్షండీ ఈ వయసులో?" అన్నారాయన.

"బళ్లో కూడా ఇట్టాగే తప్పించుకునేవాడంట సార్, మా నాన్న చెప్పాడు" అన్నారెవరో వెనక నుంచి. నవ్వులు.

పూర్ణయ్య గారు గొంతు సవరించుకున్నారు. "టీచరు గారనేదేంటంటే, పాత పగ మర్చిపోగూడదని."

"కాదండి" అన్నారు ఎస్తేరు గారు.

"అయితే, మా తాతని నలుగుర్లో దోషిగా నిలబెట్టాలని."

"కాదండి."

"మరి ఇంకేంటండీ!" అని ఆయన విసుక్కుని, కండువాతో ముఖం తుడుచుకుని, అటూ ఇటూ చూశారు. చూపు గండి దగ్గరకి వెళ్లింది, దాని కిందున్న మెట్టు దగ్గర ఆగింది. ఎవరూ మాట సాయం చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. ఈ వృత్తిలో నోరు మూసుకోవడం కంటే కష్టమైన పని ఇంకొకటి లేదు.

"మా తాత గోడ కట్టాడు" అన్నారాయన చివరికి, నిదానంగా. "మీ అమ్మగారు దారి కట్టారు. ఇప్పుడు నేను గోడ పీకేస్తే మా తాత చేసిన పనితో పాటు మీ అమ్మగారు చేసిన పని కూడా పోద్ది. మావోళ్లే మంచి మనసుతో పీకించారు అనుకుంటారు రేపటోళ్లు. మీరు అనేది అదేనాండీ?"

ఎస్తేరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అదేనండి. నాకంటే బాగా చెప్పారు."

"మరి నా మాట మీరు చెప్పండి. నియమం అందరికీ ఒకటే గదా."

"మీ మనవలు ఈ మెట్ల మీద కూర్చుంటే, వీళ్ల తాత గారి తాతే కట్టించాడని ఎవరూ వేలెత్తి చూపగూడదని."

"అంతేనండి" అన్నారాయన. ఆ పెద్ద మనిషి గొంతు అంత చిన్నదిగా రావడం ఊళ్లో ఎవరూ విని ఉండరు.

ఆ తర్వాత నిర్ణయానికి పెద్దగా మాటలు పట్టలేదు. గోడ గండితో సహా ఉంటుంది. కట్టినవాళ్ల పేరు ఎక్కడా వద్దు, పగలగొట్టినవాళ్ల పేర్లు రాతి మీద ఉంటే చాలు అని టీచరు గారే అన్నారు. ఎవరూ కాదనలేదు.

నీళ్లు వదిలే ముందు

పూడ్చడానికి తెచ్చిన రాయీ సున్నమూ గండి నిలబెట్టడానికి పనికొచ్చాయి. వదులు రాళ్లు కదలకుండా పైన ఒక దూలంరాయి ఎక్కించాం. అంచుల జోలికి వెళ్లలేదు. గడ్డపార గాట్లు అలాగే ఉన్నాయి. వెంకటరత్నం గారు పని జరిగినన్నాళ్లూ ఎండలో నిలబడే ఉన్నారు. జీవితమంతా గండ్లు పూడ్చిన మనిషి, ఒక్క గండి కూలకుండా కాపలా కాశారు.

కొత్తగా వచ్చే పిల్లలకు చెప్పదలిచింది ఇదే. పాత కట్టడంలో విరిగింది కనపడగానే బాగుచెయ్యాలని చెయ్యి లాగుతుంది. చెయ్యి వెనక్కి తీసుకుని, ఇది విరిగిందా, ఎవరైనా విరిచారా అని అడగండి. విరిచినవాళ్ల బిడ్డలు ఆ ఊళ్లోనే ఉంటారు. వాళ్లు చెప్పింది వినండి, పరీక్షించండి. నిజమని తేలితే మీరు గీసిన ప్లాను గీతల్ని మీరే కొట్టేసుకోండి.

లాకులు ఎత్తుతారనగా ముందు రోజు ఊళ్లోవాళ్లు చివరిసారిగా చూడ్డానికి కాలువ అడుగుకి దిగారు. నీళ్లొస్తే మళ్లీ వేసవి దాకా గండి కనపడదు. కొందరు కాలువకు పసుపు కుంకుమలు తెచ్చారు. వెంకటరత్నం గారు కొబ్బరికాయ కొట్టి, చిప్ప నాకిచ్చారు. "దేవుడు లేకపోయినా కొబ్బరి ఉందిగా, తిను" అన్నారు. తిన్నాను.

పూర్ణయ్య గారు పై రేవు మెట్లు దిగి గండి ముందు కాసేపు నిలబడ్డారు. కండువా నడుముకి చుట్టుకుని, బాగా వంగి, అందులోంచి కింది రేవులోకి దూరారు. ఇవతలికొచ్చి సువార్తమ్మ పేర్చిన మెట్టు మీద కాలు పెట్టి, నడుం పట్టుకుని నిటారుగా అయ్యారు. ఎదురుగా ఎస్తేరు టీచరు.

"మీ అమ్మగారు ఇంకాస్త ఎత్తుగా పగలగొట్టాల్సిందండీ" అన్నారాయన రొప్పుతూ.

"అటు నించి మీలాంటోళ్లు కూడా వస్తారని ఆవిడ అనుకోలేదండి" అన్నారావిడ, చెయ్యి అందిస్తూ.